మూలంలో లేని పెళ్ళిళ్ళు

1938, 39 సంవత్సరాల్లో న్యూయార్కులో ఒక కుర్రవాడు 'అస్టౌండింగ్' అనే సైన్స్ కథల పత్రికకు వరసబెట్టి ఉత్తరాలు రాశాడు. అప్పటికి ఇరవై నిండలేదు. అతని గోడు ఒకటే: గ్రహాల మధ్య తిరిగే కథల్లోకి ఈ ప్రేమలెందుకు, ఈ కథానాయికలెందుకు? తోటి పాఠకులు కొందరు వంత పాడారు, కొందరు అదే ఉత్తరాల పేజీలో తగులుకున్నారు. ఆ కుర్రవాడే తర్వాత లోకానికంతా తెలిసిన ఐజాక్ అసిమోవ్. అతను వద్దన్నదాన్నే ముప్పై ఏళ్ళు తిరక్కుండా పాఠకులు సొంతంగా రాసుకోవడం మొదలుపెట్టారు. 1967లో 'స్టార్ ట్రెక్' టీవీ ధారావాహిక అభిమానులు 'స్పాకనేలియా' అనే పత్రిక తెచ్చారు. దాన్ని నడిపింది ఇద్దరు ఆడవాళ్ళు. ఆ దారిన పుట్టిన చిన్న పత్రికలు ఎన్నో. వాటిలో కొత్తగా కల్పించిన అమ్మాయిలు రావడం, అంతరిక్ష ఓడలోని మగవాళ్ళంతా వాళ్ళమీద మనసు పడటం ఎంత ఎక్కువైందంటే, 1973లో పౌలా స్మిత్ అనే అభిమానే దాన్ని వెక్కిరిస్తూ ఒక బుల్లి కథ రాసింది. అందులో మేరీ స్యూ అనే పదిహేనున్నరేళ్ళ పిల్ల వస్తుంది, ఓడను కాపాడుతుంది, అందరి చేతా కన్నీళ్ళు పెట్టించి చచ్చిపోతుంది. ఆ పేరు ఇప్పటికీ విమర్శకుల నోట తిట్టుగా నానుతూనే ఉంది.

ప్రేమ, విజ్ఞానం, అభిమానం మూడూ ఒక కథలో కలిస్తే పాఠకులు ఏమంటారన్నది అప్పట్నుంచీ నలుగుతున్న ప్రశ్న. ఇందులో సైన్సు తప్పంటారు. ప్రేమ మోతాదు మించిందంటారు. మా మనిషి అలా చేయడంటారు. ఈ మూడింటిలో అసలు పేచీ మూడోదేనని, మొదటి రెండూ దానికి వేసిన ముసుగులని నేను అనుకుంటాను. కాంతివేగం లెక్క తప్పిందని రుసరుసలాడే పాఠకుణ్ణి కాస్త గిల్లి చూడండి. తనకు ఇష్టమైన పాత్రకు అన్యాయం జరిగిందన్న బాధ బయటపడుతుంది. ఆ పాత్రకు మేలు జరిగిన చోట అదే పాఠకుడు అంతకంటే పెద్ద తప్పును చూసీ చూడనట్టు వదిలేస్తాడు.

తెలుగు సంగతికొస్తే మనవాళ్ళకు సైన్స్ ఫిక్షన్ ఎక్కదని ఒక మాట చాలాకాలంగా ఉంది. వారపత్రికల ఉత్తరాలు, నవలల అమ్మకాలు చూసి చెప్పిన మాట అది. ఉత్తరం రాసేవాడే పాఠకుడు అనుకుంటే ఆ లెక్క సరే. కానీ తెలుగు కథను చెవితో చదివేవాళ్ళు ఎప్పుడూ ఎక్కువమందే. వాళ్ళ స్పందన ఏ పత్రిక ఆఫీసుకూ చేరలేదు. దాన్ని వెతకడానికి సోలాపూర్ నేతగాళ్ళ పేటలకంటే మంచి చోటు నాకు తోచలేదు.

సోలాపూర్ తూర్పు భాగాన్ని అక్కడివాళ్ళు 'పూర్వ భాగ్' అంటారు. అశోక్ చౌక్, దత్త నగర్, కన్నా చౌక్, అక్కల్‌కోట్ రోడ్డు వైపు కార్ఖానాలు. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల నుంచి కరువుకూ అప్పుకూ తాళలేక వచ్చిన పద్మశాలీల మనవలు, మునిమనవలు ఇక్కడున్నారు. 1877లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు వెలిసింది. తర్వాత అదే 'జునీ మిల్' అయింది. మిల్లులు మూతపడ్డాక సాంచాలు, అంటే మరమగ్గాలు, మిగిలాయి. చద్దర్లకూ టెర్రీ తువ్వాళ్ళకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ నేసేవాడి కూలికి గుర్తింపు అంత తొందరగా రాలేదు. మగవాళ్ళు సాంచా మీద, ఆడవాళ్ళు బీడీల చాట ముందు. 2006లో కుంభారి దగ్గర బీడీ కార్మికురాళ్ళ కోసం పదివేల ఇళ్ళ కాలనీ పూర్తయింది. 2024 జనవరిలో రే నగర్‌లో మరో పదిహేను వేల ఇళ్ళు చేతికొచ్చాయి. రెంటి వెనకా నరసయ్య ఆడం అనే పద్మశాలి కమ్యూనిస్టు నాయకుడి పట్టుదల ఉంది. ఆ వీధుల్లో నడుస్తుంటే వినిపించేది తెలుగు. దుకాణాల మీద కనిపించేది మరాఠీ. పురపాలక సంఘం తెలుగు మీడియం బడులు నడిపినా ఉద్యోగం మరాఠీలో ఉంది గనక పిల్లలు అటే పోయారు. అ, ఆలు రాని తెలుగువాళ్ళు ఇక్కడ చదువుకోనివాళ్ళు కారు. డిగ్రీలున్నవాళ్ళు. తెలుగు వారపత్రిక వాళ్ళను తన పాఠకులుగా ఎన్నడూ లెక్కేసుకోలేదు.

కథలు మాత్రం ఆగలేదు. తెలంగాణ పల్లెల్లో పద్మశాలీలకు కులపురాణం చెప్పే కూనపులివాళ్ళు ఉంటారు. చేర్యాల నకాషీలు గీసిన పొడవాటి పటాన్ని కర్రకు వేలాడదీసి, ఒక్కో గడి విప్పుకుంటూ మార్కండేయ పురాణం పాడతారు. సంస్కృత కథ ప్రకారం మార్కండేయుడు పదహారేళ్ళ దగ్గర ఆగిపోయిన చిరంజీవి. యముడు వచ్చాడు, శివుడు కాపాడాడు, అంతటితో కథ అయిపోయింది. వినేవాళ్ళకు అది చాల్లేదు. బతికిన పిల్లవాడు తర్వాత ఏం చేశాడు? కులపురాణం జవాబు చెబుతుంది. మార్కండేయుడు యజ్ఞం చేస్తే భావనాఋషి పుట్టాడట. తామరతూడు నారతో దేవతలకు బట్ట నేశాడట. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్ళాడాడట. ఆ సంతతే నేతగాళ్ళు. అభిమాని కథ అంటే ఇంతకంటే ఏముంటుంది? మూలం ఆగినచోట మొదలుపెట్టి, కాలం గడ్డకట్టిన పిల్లవాడి తర్వాతి తరానికి సూర్యమండలం నుంచి పిల్లను తెచ్చి ఒక సంసారం నిలబెట్టారు. ఇది మూలంలో లేదు కదా అని శ్రావణ పౌర్ణమినాడు సోలాపూర్ వీధుల్లో మార్కండేయ రథం లాగేవాళ్ళను అడిగి చూడండి. సమాధానం నేను చెప్పనక్కర్లేదు.

ఇంకో పాత కథ ఉంది, ఐన్‌స్టైన్ 1905లో చెప్పినదానికి మేనమామ వరస అవుతుంది. భాగవతం నవమ స్కంధంలో రైవతుడనే రాజు తన కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ పాట కచేరీ జరుగుతోంది. ముగిసేదాకా ఆగి, దండం పెట్టి, మనసులో అనుకున్న వరుల పేర్లు చెబుతాడు. బ్రహ్మ నవ్వుతాడు. నువ్వు నిలబడ్డ ఆ కాస్సేపట్లో భూమి మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచాయి, వాళ్ళు లేరు, వాళ్ళ మనవలూ లేరు, పోయి బలరాముడికి ఇమ్మంటాడు. రేవతి పాత యుగపు మనిషి గనక చాలా పొడవు. బలరాముడు నాగలితో ఆమెను తన ఎత్తుకు దించుకున్నాడని విష్ణుపురాణం. కాలప్రయాణం, అంతరిక్షం, పెళ్ళి, చివరికి శరీరాన్ని కొత్తకాలానికి సరిపోయేలా మార్చుకోవడం దాకా అన్నీ ఉన్నాయి. పండితులు ఇందులో కాలతత్త్వం చూశారు. వినేవాళ్ళు అడిగే ప్రశ్న వేరు: ఇంటి దగ్గర ఉన్న రేవతి తల్లి ఏమైంది? పురాణం పెదవి విప్పదు. అభిమాని కథ మొలిచేది సరిగ్గా అలాంటి సందులోనే.

ఈ రేవతి కూతురే 'మాయాబజార్' శశిరేఖ. వ్యాసుడి భారతంలో ఆమె లేదు. అభిమన్యుడి భార్యగా అక్కడ ఉన్నది ఉత్తర. శశిరేఖను కన్నది కథలు చెప్పేవాళ్ళు, నాటకాలవాళ్ళు. 1936లో ఒకసారి, 1957లో కె.వి. రెడ్డి చేతిలో మరోసారి తెరకెక్కింది. ఆ సినిమాలో ప్రియదర్శిని పెట్టె ఉంది. తెరిచి చూసినవాళ్ళకు తమకు ప్రియమైనది కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి సంపద. కృష్ణుడు చూస్తే అందులో శకుని. ఇవాళ పిల్లలు దాన్ని వీడియో కాల్ అంటారు గానీ, వీడియో కాల్‌కు అంత తెలివి లేదు. మనిషి లోపలి మాటను అతనికంటే ముందు బయటపెట్టే యంత్రం అది. గొప్ప సైన్స్ కథలన్నిటికీ కావలసింది అలాంటి యంత్రమే. అది ఎలా పని చేస్తుందని ఏ తెలుగు ప్రేక్షకుడూ అడగలేదు. పింగళి నాగేంద్రరావు మాటల్లో, ఆ నటుల మొహాల్లో మేరీ స్యూ నింద శశిరేఖకు అంటలేదు. ఆమె కాపురం బాగుంటే చాలనుకున్నారు అందరూ. శాస్త్రం తప్పినా, మూలం తప్పినా, మనుషులు తమ తీరు తప్పకపోతే తెలుగు శ్రోత ఒప్పుకుంటాడు. ఘటోత్కచుడు ఆకలి మరిచిపోయి ఉంటే మాత్రం గొడవయ్యేది.

నవలల్లోకి వస్తే యండమూరి వీరేంద్రనాథ్ 'ఆనందోబ్రహ్మ' మంచి ఉదాహరణ. భవిష్యత్తులో మొదలై గోదావరి ఒడ్డు ప్రేమకథలోకి వెనక్కి వెళ్ళే నవల అది. దాన్ని చదివినవాళ్ళను అడిగితే సోమయాజి, మందాకిని గుర్తుంటారు. భవిష్యత్తు గుర్తుండదు. దీన్ని చూపించి తెలుగు పాఠకుడికి సైన్సు పట్టదనడం తేలిక. నాకు వేరేలా అనిపిస్తుంది. ఆ భవిష్యత్తు చట్రం లేకపోతే ఆ ప్రేమ అంత దూరంగా, అంత తిరిగిరానిదిగా కనబడేది కాదు. చట్రం తన పని చేసి తప్పుకుంది. పాఠకుడు దాన్ని గుర్తుపెట్టుకోకపోవడం రచయిత ఓటమి కాదు. అంతరిక్షాన్నే నేరుగా తలకెత్తుకున్న ఆయన 'చీకట్లో సూర్యుడు'ను ఇష్టపడ్డవాళ్ళూ ఉన్నారు.

సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' 1991లో వచ్చింది. తెలుగువాళ్ళ కాలయంత్రం అంటే అదే. 1526 నాటి విజయనగరం, ఆ తర్వాత 2504. మనవాళ్ళు తలుచుకునేది మాత్రం విజయనగరాన్నే. యుద్ధం తర్వాత భూగర్భంలో బతికే 2504 మనుషుల గురించి రెండు వాక్యాలు మాట్లాడేవాళ్ళు అరుదు. గతంలో మనకు బంధువులున్నారు, భవిష్యత్తులో ఇంకా ఎవరూ లేరు, అందుకేనేమో. 2025 ఏప్రిల్‌లో దాన్ని మళ్ళీ విడుదల చేస్తే హాళ్ళకు వెళ్ళినవాళ్ళు కొత్తగా చూడటానికి వెళ్ళలేదు. తర్వాత ఏమైందో తమకు తోచిన కథ ప్రతి అభిమాని దగ్గరా ఒకటుంది. కొనసాగింపు తీస్తానని హీరో బాలకృష్ణ చాలాసార్లు చెప్పారు గానీ, అభిమానుల కొనసాగింపులు ఏ నిర్మాత కోసమూ ఆగలేదు.

అలాంటిదొకటి సోలాపూర్‌లో బీడీ కార్మికుల కాలనీలో ఒక ఇంటి వాకిట్లో నోటితో చెప్పాను. ఒక అభిమాని రాసుకున్నది, అచ్చు కానిది. హీరో రెండోసారి విజయనగరం వెళ్తాడు. యంత్రం అక్కడ చెడిపోతుంది. అమ్మాయి ఒక్కతే ఇవతలికి వచ్చి పడుతుంది. ఏళ్ళ తర్వాత హంపిలో ఒక రాతి మీద తన పేరు చూస్తుంది. అతను ఆమెకోసం చెక్కించిన శాసనం అది. చదువుతూ అక్కడే కూర్చుంటుంది. కథ అయిపోయింది.

వాకిట్లో ముగ్గురున్నారు. నానబెట్టిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించడం ఒకామె పని. మిగతా ఇద్దరు తంబాకు పోసి చుట్టి దారం కడుతున్నారు. కాలయంత్రం గతంలోకి దూకినప్పుడు ఒక్క చెయ్యీ ఆగలేదు. రాయి దగ్గర పెద్దామె చుట్టడం ఆపింది.

"రాతి మీద రాయించే తీరిక ఉన్నోనికి, తిరిగొచ్చే తీరిక లేకపాయెనా సారూ?"

"మిషన్ ఖరాబైంది గద, బాపమ్మా," అంది కాలేజీకి వెళ్ళే మనవరాలు.

"ఖరాబైతే జాబర్ను పిలవాలె. సాంచ బందైతే మీ తాత పొద్దంత గమ్మున కూసుంటుండెనా?" జాబరంటే సాంచా బాగుచేసే మనిషి.

మూడో ఆమెకు వేరే అనుమానం. "గా పిల్లకు అటెన్క లగ్గం చేసిన్రా? లేకుంటె గా రాయి ముందట్నే కూసున్నదా?" రచయిత చెప్పలేదన్నాను. "చెప్పకుంటె ఎట్ల? పిల్లను అట్ల ఇడిసిపెడ్తరా?" అని ఆమె చాట మీదికి వంగింది. మనవరాలికి మాత్రం ముగింపు నచ్చింది. అక్కడే ఆపాలని, చెబితే పాడవుతుందని ఆమె వాదన. అరగంట సేపు ఇంట్లో రెండు పక్షాలయ్యాయి.

ఉత్తరాల పేజీల్లో జరిగిన పోట్లాటకంటే ఇది తక్కువదేమీ కాదు. పెద్దామె అడిగినవి సైన్సు ప్రశ్నలుగా మొదలై మనిషి తీరు ప్రశ్నలుగా తేలాయి. యంత్రం చెడితే బాగు చేసుకునే ప్రయత్నం చేయని మగవాణ్ణి ఆమె హీరోగా ఒప్పుకోదు. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. వలస వచ్చిన ఇళ్ళకు కాలప్రయాణం కొత్త కాదు. ఊరు వదిలినవాడు సంవత్సరాల తర్వాత తిరిగిపోతే అక్కడి యుగం మారిపోయి ఉంటుంది. ఇంటిపేరు చెబితే తప్ప ఎవరూ గుర్తుపట్టరు. ఉత్తరం పంపి తను రాని మనుషుల కథలు ఆ పేటలో ప్రతి ఇంటికీ ఉంటాయి. ఈ అభిమాని ఎంతో సున్నితంగా రాశాననుకున్న శాసనం ఆమెకు అలాంటి ఉత్తరంగానే వినబడింది. కథ తప్పు లేదు. పట్నంలో చదివినవాళ్ళకు అది విరహం, వాకిట్లో విన్నవాళ్ళకు ఎగవేత.

యంత్రం మాట వచ్చింది గనక, ఈ పాఠకులు సైన్సుకు దూరమనుకోవడం పెద్ద పొరపాటు. చద్దరు మీద పువ్వు వేసే జాకార్డు మగ్గం వాళ్ళ ఇంటిది. అట్ట మీద బొక్క ఉన్నచోట సూది దూరుతుంది, కొక్కెం పడుగు పోగును లేపుతుంది. బొక్క లేకపోతే సూది వెనక్కి, పోగు కిందే. అట్టల దండ తిరుగుతున్నకొద్దీ పువ్వు పూర్తవుతుంది. 1804లో ఫ్రాన్సులో జాకార్డు రూపు కట్టిన ఈ ఏర్పాటే బాబేజ్ లెక్కల యంత్రానికి దారి చూపింది. 1843లో ఏడా లవ్‌లేస్ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చెప్పింది కూడా. ఉన్నది, లేనిది అనే రెండు మాటలతో నడిచే యంత్రాన్ని తరాలుగా మేపినవాళ్ళకు కంప్యూటర్ ప్రేమించిందంటే ఆశ్చర్యం కలగదు. అట్ట ఎవరు కొట్టారని అడుగుతారు. మన సైన్స్ కథల్లో యంత్రాలకు నూనె అక్కర్లేదు, విడిభాగాలు అక్కర్లేదు. ప్రేమికులను విడదీయాల్సిన ఘడియకు మాత్రం సరిగ్గా చెడిపోతాయి. పూర్వ భాగ్ పాఠకుడు పట్టుకునే తప్పు అదే. అది న్యాయమైన పట్టు. సమీక్షకులు దాన్ని అరువు తెచ్చుకోవచ్చు.

2024లో వచ్చిన 'కల్కి 2898 ఏ.డి.' చుట్టూ రేగిన చర్చను కూడా ఇదే వెలుగులో చూడాలి. నాగ్ అశ్విన్ కట్టిన ఆ భవిష్య కాశీలో ఎగిరే బండ్లను, కాంప్లెక్స్ అనే తలకిందుల పిరమిడ్‌ను జనం క్షణంలో నమ్మేశారు. హీరో భైరవుడి ప్రేమ ముచ్చట అతికినట్టు లేదని చాలామంది పెదవి విరిచారు. అసలు యుద్ధం కర్ణుడి మీద జరిగింది. కర్ణుణ్ణి ఎత్తారని, అర్జునుణ్ణి తగ్గించారని, అశ్వత్థామ అలా అనడని వారాల తరబడి వాదులాట. మూడో పేచీ ముసుగు తీసి నడిరోడ్డు మీదికి వచ్చిందన్నమాట. వేల ఏళ్ళ కిందటి భారతానికి, ఇప్పటికి దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత జరిగే కొనసాగింపు రాసిన అభిమాని నాగ్ అశ్విన్. మిగతా అభిమానులు అతణ్ణి సాటి అభిమానిగా పట్టుకుని నిలదీశారు. ప్రేమ అక్కడ తేలిపోవడానికి కారణం మోతాదు కాదని నా అభిప్రాయం. భైరవుడు ప్రేమించిన అమ్మాయి ఎవరి మనిషో, ఆమె వెనక ఏ కథ ఉందో చెప్పలేదు. ఊరూ పేరూ లేని పిల్లతో ప్రేమను మనవాళ్ళు ప్రేమగా లెక్కేయరు.

మరాఠీ పక్క చూస్తే సోలాపూర్ పిల్లలకు సైన్స్ కథ కొత్త వస్తువు కాదు. జయంత్ నార్లీకర్ 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ పోటీకి 'కృష్ణవివర్' కథను నారాయణ్ వినాయక్ జగతాప్ అనే మారుపేరుతో పంపి బహుమతి గెలిచారు. తన పొడి అక్షరాలనే తిరగేసి పెట్టుకున్న పేరది. పెద్ద శాస్త్రవేత్త పేరు చూసి న్యాయనిర్ణేతలు మొగ్గకూడదని అలా చేశారు. ఆ తర్వాత మరాఠీలో సైన్స్ కథకు ఒక గౌరవం వచ్చింది. అక్కడ పాఠకుల మొదటి ప్రశ్న విజ్ఞానం గురించే ఉంటుంది. ఎందుకంటే రాసింది శాస్త్రవేత్త. ఇంట్లో భావనాఋషి కథ, బళ్ళో నార్లీకర్ కథ వినే పద్మశాలి పిల్ల రెండు రకాల పాఠకురాలు ఒకేసారి అవుతుంది. ముందు చెప్పిన మనవరాలు ముగింపు చెప్పకుండా వదిలేయడాన్ని ఎందుకు మెచ్చుకుందో నాకు అక్కడే అర్థమైంది. ఆమె కథలు రాస్తుంది కూడా. మాట తెలుగు, లిపి దేవనాగరి. అలా రాసిన కథను ఏ తెలుగు పత్రిక తీసుకుంటుంది? మరాఠీ పత్రిక మాత్రం ఎందుకు తీసుకుంటుంది?

ఈ చిక్కు ఆమెతో మొదలైంది కాదు. సోలాపూర్ పద్మశాలి కవి లక్ష్మీనారాయణ బొల్లి తన ఆత్మకథ 'ఏకా సాళియానే'ను మరాఠీలోనే రాసుకున్నారు. తెలుగు సాహిత్యాన్ని మరాఠీలోకి తీసుకెళ్ళిన మనిషి ఆయన. తన బతుకు కథ మాత్రం తెలుగు పాఠకుడి చేతికి నేరుగా రాలేదు. నేతపేట నుంచి కాలయంత్రం ఎక్కే ప్రేమకథ ఏదైనా వస్తే అదీ ముందు మరాఠీలోనే వస్తుంది. కొన్నేళ్ళకు ఎవరో అనువదిస్తారు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక పాఠకుడు అది చదివి, కథ బాగుంది గానీ సోలాపూర్ వాళ్ళు ఇలా మాట్లాడరు, ఇలా ప్రేమించరు అని సంపాదకుడికి ఉత్తరం రాస్తాడు.